ఎనిమిదో తాత

పోయినవారం మనం ఎర్మెక్ చేత తలుపు గడియ మీద చెయ్యి వేయించి, అలాగే నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అదే భంగిమలో ఉన్నాడు. అవతల తలుపు బాదుతున్నది ఎవరో తెలియదు. ఇవతల బాదుకుంటున్నది తన గుండే అని మాత్రం వాడికి బాగా తెలుసు.

పోయిన సంచికలో మిరపకాయ బజ్జీలు కట్టించుకున్న వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎర్మెక్‌కి ముప్పై ఒకటి. కిర్గిజ్ కొండల్లోని నారిన్ ఊళ్ళో బూట్లు కుట్టే కొట్టు పైన వాడికో గది ఉంది. ఆ గదిలో ఒక బల్ల, రెండు తెరలు, ఒక కరెంటు కెటిల్, ఒక ఎర్మెక్. అదే కంపెనీ. ఆ కంపెనీ చేసిన యాప్ పేరు 'ఏడుగురు తాతలు'. కిర్గిజుల్లో పుట్టినవాడు తండ్రి మొదలుకొని పైకి ఏడు పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. చెప్పలేనివాణ్ణి చిన్నపిల్లలు కూడా లెక్కచెయ్యరు. పెళ్ళి మాట వచ్చినప్పుడు రెండు వైపుల పేర్లూ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఏడో మెట్టు దాటేలోపల ఇద్దరికీ ఒకే తాత తగిలితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క, ఇక పెళ్ళి లేదు. ఇదివరకు ఈ పని ముసలాళ్ళు వేళ్ళ మీద చేసేవాళ్ళు. ఇప్పుడు ఎర్మెక్ యాప్ చేస్తోంది. పెళ్ళికి దారి ఉంటే పచ్చ రంగు చూపిస్తుంది, లేకపోతే ఎరుపు.

నాలుగు రోజుల కిందట కుబాత్ అనే పెళ్ళికొడుక్కీ, అవతలి ఊరు అత్‌బాషి పిల్ల బేగిమాయ్‌కీ ఎరుపు వచ్చింది. రెండు వంశాలకీ మూలపురుషుడైన కాల్దిబాయ్ అనే పెద్దాయన, కుబాత్ వైపు సరిగ్గా ఏడో మెట్టు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. పెళ్ళి పదిరోజుల్లో ఉంది. విందులో వండడానికి గుర్రాన్ని కూడా మాట్లాడేశారు. పిల్ల తండ్రి ఓస్మోన్ "ఫోను అబద్ధమాడదు" అని ఒక్క మాట అని, నిశ్చయానికి గుర్తుగా పిల్ల చెవులకి పెట్టిన కమ్మలు తీయించి వెనక్కి పంపేశాడు. ఆ మర్నాటి నుంచీ ఎర్మెక్‌కి తిట్లు మొదలయ్యాయి. ఇవాళ పొద్దున తిట్లు పోయి, తలుపు మీద గుద్దులు వచ్చాయి.

ఎర్మెక్ గడియ తీశాడు.

గుమ్మంలో ఓ పొట్టి ముసలావిడ. మోకాళ్ళ కిందికి జారిన నల్ల కోటు, తలకి తెల్ల రుమాలు, చంకలో గుడ్డమూట. మెట్లెక్కి రొప్పుతోంది. ఎర్మెక్‌ని చూడనేలేదు. వాడి భుజం పక్కనుంచి గదిలోకి తొంగి చూసింది.

"ఐనురా ఉందా?"

ఎర్మెక్ గుమ్మానికి అడ్డంగా జరిగాడు. "ఏ ఐనురా, అపా?" అన్నాడు. ఆ ఊళ్ళో పెద్దవయసు ఆడవాళ్ళందరూ అపాలే.

"ఏ ఐనురా ఏంటి? 'ఖాతాదారుల సేవ, ఐనురా' అని రాస్తుందే, ఆ పిల్ల. సైరాకన్ వచ్చిందని చెప్పు, చాలు. తనే పరిగెత్తుకొస్తుంది."

ఇక్కడ మన హీరోగారి గుట్టు ఒకటి విప్పాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టు, యాప్‌లో ఈ కంపెనీకి మూడు శాఖలున్నాయి. ఖాతాదారుల సేవ ఐనురా చూస్తుంది. సాంకేతిక విభాగం దానియార్ చూస్తాడు. పెద్ద తగువులొస్తే డైరెక్టరుగారే స్వయంగా సంతకం చేస్తారు. ఒక్కడే చేస్తున్నాడంటే జనం నమ్మరని, యాప్ పెట్టిన మొదటి నెలలోనే ఎర్మెక్ ఈ ముగ్గుర్నీ పుట్టించాడు. పుట్టించాక చంపడం కుదరలేదు. కిందటి అక్టోబరులో వాడి పుట్టినరోజున, అందరికీ వెళ్ళినట్టే వాడి ఫోన్‌కీ ఒక మెసేజ్ వచ్చింది: 'మా బృందమంతా మీకు శుభాకాంక్షలు చెబుతోంది, ఇట్లు ఐనురా.' ఆ రోజు వాడికి ఇంకెవరూ చెప్పలేదు. దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

ఈ సైరాకన్ ఆ ఐనురాకి చలికాలం నుంచీ రాస్తోంది. మొదట అక్షరాలు పెద్దవి చెయ్యడమెలాగో అడిగింది. ఆ పైవారం మోకాళ్ళ నొప్పి గురించి రాసింది. ఆ తర్వాత పోయిన మొగుడి గురించి, పాలివ్వని ఆవు గురించి, కిటికీలోంచి కనిపించే నది మీద మంచు ఎప్పుడు పగులుతుందో అన్న దాని గురించి. ప్రతి మంగళవారం ఒక ఉత్తరం. ఐనురా దేనికీ జవాబు మానలేదు. సోమవారం సాయంత్రానికే ఎర్మెక్ ఫోన్‌ని బల్ల మీద ఎదురుగా పెట్టుకునేవాడు.

సైరాకన్ బూట్లు విడిచి లోపలికి వచ్చేసింది. బల్ల చూసింది. తెరలు చూసింది. గోడ పక్కన అలమర ఉంటే, అది పక్కగదికి తలుపనుకుని తీసింది. లోపల ఒక కోటు, ఒక చీపురు.

"ఇంతేనా ఆఫీసు? మిగతావాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?"

"అపా, ముందు కూర్చోండి."

"ఐనురాని పిలువు, కూర్చుంటాను."

"నేనే, అపా."

"నువ్వేంటి?"

"ఐనురాని నేనే."

ముసలావిడ వాణ్ణి కాలి మేజోళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి తీరిగ్గా పైకి చూసుకుంటూ వచ్చింది. ముఖం దగ్గర ఆగింది.

"మరి గడ్డమెందుకు పెంచావమ్మా?"

ఎర్మెక్ తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"దానియారో?"

"అదీ నేనే."

"డైరెక్టరు? ఓస్మోన్‌కి పెద్ద పెద్ద మాటలతో జవాబు రాసినాయన?"

"సంతకం నాదే, అపా."

ఆవిడ ఉన్న ఒక్క కుర్చీలో కూలబడింది. మూట ఒళ్ళో పెట్టుకుంది.

"ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీశాను. చేతిరాత చూసి ఎవరు రాశారో చెప్పేదాన్ని. ఏడుస్తూ రాశారా, తాగి రాశారా, అదీ చెప్పేదాన్ని. ఈ ఫోన్లో అందరిదీ ఒకటే రాత. అందుకే ముసల్దాన్ని మోసపోయాను. మా ఆయన పోయేముందు ఏమన్నాడో నీకు రాశాను చూడు, ఆ మాట నా కన్నకొడుకులకి కూడా చెప్పలేదు. ఆడపిల్ల కదా, కడుపులో దాచుకుంటుందిలే అనుకున్నాను."

"దాచుకున్నాను, అపా."

"నీకు కడుపెక్కడుంది? ఎండిన తోలులా ఉన్నావు." గది చుట్టూ చూసింది. "పొద్దస్తమానం ఇక్కడ ఒక్కడివేనా? ఎవరితో మాట్లాడతావు?"

ఎర్మెక్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఎవరైనా దొరుకుతారేమోనని. "మీలాంటి వాళ్ళు రాస్తుంటారుగా" అన్నాడు చివరికి.

"మాలాంటి వాళ్ళు ఐనురాకి రాస్తాం. నీకెవరు రాస్తారు?"

ఎర్మెక్ కెటిల్ తీసుకుని నీళ్ళు పట్టడానికి వెళ్ళాడు. పంపు కింద అది నిండి పొర్లిపోతున్నా కట్టలేదు. కింది కొట్టులో బూటు అడుగున మేకు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాలుగేళ్ళుగా వాడికి పగటిపూట వినిపించే మనిషి అలికిడి అదొక్కటే. ఆ బూట్లాయన పేరు కూడా వాడికి తెలియదు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ బల్ల సొరుగులన్నీ లాగి చూస్తోంది.

"రొట్టె ఏది?"

"లేదు, అపా. బిస్కట్లున్నాయి."

"రొట్టె లేదా? కోపంతో వచ్చిన మనిషి కూడా వెళ్ళేముందు రొట్టె ముక్క నోట్లో వేసుకుని వెళ్ళాలి. నేను వచ్చిందే తిట్టడానికి. తిట్టి, నీ రొట్టె తిని, పోదామనుకున్నాను. ఇప్పుడెలా పోను?"

మూట విప్పింది. గుండ్రటి రొట్టె ఒకటి, నూనెలో వేయించిన పిండిబిళ్ళలు ఓ గుప్పెడు, గాజుసీసాలో మీగడ. రొట్టె తుంచి వాడి చేతిలో పెట్టింది. అలమరలో చాయ్ గిన్నెలు రెండున్నాయి. ఒకటి అంచు అరిగి రంగుమారింది. రెండోదాని మీద కొన్నప్పటి ధర చీటీ ఇంకా ఊడలేదు. సైరాకన్ ఆ చీటీని గోటితో గీకింది.

చాయ్ పోశాక అసలు విషయానికొచ్చింది.

"మా చిన్నోడి పెళ్ళి చెడగొట్టావు."

"చిన్నోడంటే..." ఎర్మెక్ గిన్నె కింద పెట్టేశాడు. ఉత్తరాల నిండా చిన్నోడు చిన్నోడు అనే రాసేది. పేరు ఒక్కసారీ రాయలేదు. "కుబాత్ మీ అబ్బాయా?"

"మరెవరి అబ్బాయనుకున్నావు? లెక్క తప్పు పోయింది. కాల్దిబాయ్ మా చిన్నోడికి ఎనిమిదో తాత. మా ఆయన నోట వెయ్యిసార్లు విన్నాను."

"అపా, దాని అంతట అది లెక్క తప్పదు. పేర్లు ఇచ్చినవి ఇచ్చినట్టు లెక్కపెడుతుంది." తెర ఆవిడ వైపు తిప్పాడు. "చూడండి. కుబాత్. తండ్రి జోల్దోష్. అక్కణ్ణుంచి పైకి ఇంకో ఐదుగురు. ఏడోవాడు కాల్దిబాయ్. ఈ పేర్లు కుబాతే తన ఫోన్ నుంచి రాశాడు."

"రాస్తే? సరిగ్గానే రాశాడు. మా ఆయన పేరు జోల్దోషేగా."

ఎర్మెక్ తెర మీద ఉన్న పుట్టిన సంవత్సరాలు చూశాడు. కుబాత్‌కి ఇరవయ్యారు. ఎదురుగా కూర్చున్న మనిషికి, ఉత్తరాల్లో చెప్పుకున్న లెక్కన, డెబ్బయ్యారు.

"అపా, కుబాత్ పుట్టినప్పుడు మీకెన్నేళ్ళు?"

"ఆడదాన్ని వయసడుగుతావా? ఐనురా అయితే అడిగేదా?"

"ఐనురా కూడా అడిగేదే, అపా."

ముసలావిడ మీగడ సీసా మూత తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది.

"యాభై" అంది.

ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. కొండల మీద పుట్టిన ఎవడికైనా ఆ ఒక్క అంకె చాలు. పెద్దకొడుక్కి తొలిబిడ్డ పుడితే, ఆ బిడ్డ తాతామామ్మలది. నలభయ్యో రోజున తెచ్చి మామ్మ ఒళ్ళో పెడతారు. ఆ రోజు నుంచీ మామ్మే అమ్మ, తాతే నాన్న. కన్నవాడు అన్నయ్య అయిపోతాడు, బైకే అని పిలిపించుకుంటాడు. ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. అలాంటి బిడ్డని తండ్రి పేరు రాయమంటే తాత పేరే రాస్తాడు. అబద్ధమాడుతున్నానని కూడా అనుకోడు. మధ్యలో ఒక మెట్టు మాయమవుతుంది, ఎనిమిదో తాత జారి ఏడో మెట్టు మీదికి వచ్చి పడతాడు.

వేళ్ళ మీద లెక్కపెట్టే ముసలాళ్ళయితే ఈ మాయ కనిపెట్టేవాళ్ళు. ఎవరి బిడ్డ ఎవరి ఒళ్ళో పెరిగిందో వాళ్ళకి కంఠతా వచ్చు. ఎర్మెక్ ఆ ముసలాళ్ళని ఇంటికి పంపేసి వాళ్ళ కుర్చీలో ఫోన్‌ని కూర్చోబెట్టాడు. ఆ ఫోన్‌కి ఒక్క ప్రశ్న అడగడం నేర్పలేదు.

"ఏడుని ఎనిమిది చెయ్యి" అంది సైరాకన్. "నీ యంత్రమేగా."

"అలా కుదరదపా."

"ఒక్క అంకె. మా పోస్టాఫీసులో తేదీ ముద్ర ఒకరోజు వెనక్కి తిప్పి వేసేవాళ్ళం. పండగ శుభాకాంక్షలు ఆలస్యమైతే పాపం అని. ఏ ఆకాశం ఊడిపడింది?"

"ఎనిమిదో మెట్టు రావాలంటే మధ్యలో ఓ మనిషి రావాలి. గాల్లో మెట్టు కట్టలేను. ఎవరతను? మీ పెద్దబ్బాయేగా?"

ఆవిడ చాయ్ గిన్నె కింద పెట్టింది. కిటికీ వైపు చూసింది. బయట బొగ్గుపొగ, దాని వెనక నది, మీద పగిలిన మంచు.

"మిర్లాన్" అంది. "బొగ్గు లారీ తోలుతాడు. మంచివాడు. వాడి పెళ్ళాం నసీప్ కూడా మంచిదే. ఆ మంచితనమే నా ప్రాణానికొచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి మా బిడ్డ అనలేదు. ఇప్పుడు నువ్వు ఆ పేరు రాశావనుకో. కోడలు గుమ్మంలోకొస్తే తలకి తెల్ల రుమాలు కట్టేది అత్తగారు. అత్తగారెవరు? నసీప్. చిన్నకొడుకు కాబట్టి నా ఇంట్లో నాతో ఉంటాడు కుబాత్. మనవడైతే? మిర్లాన్‌కి పెద్దకొడుకు అవుతాడు, మిర్లాన్ ఇంటికి పోతాడు. నా పొయ్యి దగ్గర నేనూ, ఆ పాలివ్వని ఆవూ."

"అందుకని ఓస్మోన్ వాళ్ళకి చెప్పలేదా? పెళ్ళి చెడినా?"

"రుమాలు కొని పెట్టెలో పెట్టి రెండేళ్ళయింది, అబ్బాయ్. నీకేం తెలుసు, తల్లి ప్రాణం."

ఎర్మెక్ లేచాడు. కీబోర్డు దగ్గరికి తీసుకుని, యాప్‌లో అన్నిటికంటే ముందు రాసిన పేజీ తెరిచాడు. మొదటి ఖాతా, మొదటి మనిషి.

"చదవండి, అపా."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "ఎర్మెక్. తండ్రి షేరాలి. పుట్టింది... ఇదేంటి, నీ తండ్రికీ నీకూ అరవయ్యేళ్ళ తేడా ఏంటి?" అని, అక్కడితో ఆగిపోయింది.

"నేనూ మీ చిన్నోడి లాంటివాణ్ణే. ఏడు పేర్లూ మా అమ్మ రోజూ అన్నం ముందు చెప్పించేది. మామ్మ అనడం రాదు నాకు, అమ్మే. ఆవిడ చెప్పింది చెప్పినట్టు ఇందులో ఎక్కించాను. అసలు ఈ యాప్ చేసిందే ఆ గొంతు మర్చిపోతానని భయమేసి. ఈ తప్పు మొదట చేసింది నేనే, అపా. నా తర్వాత ఇంకెంతమంది చేశారో, మీవాడు బయటపడ్డాడు."

"ఆవిడ ఉందా?"

"ఐదేళ్ళయింది పోయి. ఆవేళ గుమ్మం బయట మగవాళ్ళం వరసగా నిలబడి ఏడుస్తున్నాం. నా పక్కన మా బైకే సాపార్. ఆయన అమ్మా అని ఏడుస్తున్నాడు. నేనూ అమ్మా అనే ఏడుస్తున్నాను. నన్ను కన్నది ఆయనే. భుజానికి భుజం తగులుతోంది. అప్పుడు కూడా అనలేకపోయాను."

"ఏమని?"

"నాన్నా అని."

"ఆయన ఫోన్ చెయ్యడా?"

"చేస్తాడు. గొర్రెలు బాగున్నాయంటాడు. ఏమైనా కావాలా అంటాడు. వద్దంటాను. తర్వాత ఇద్దరం కాసేపు ఊరుకుంటాం. ఆయన ఊపిరి వినిపిస్తుంది. ఇంక పెట్టేస్తాం."

సైరాకన్ రొట్టె ఇంకో ముక్క తుంచి వాడి ముందు పెట్టింది. వాడు తిన్నాడు. ఒకే గదిలో ఇంకొకళ్ళు నములుతున్న చప్పుడు వింటూ తినడం ఎర్మెక్‌కి ఎన్నాళ్ళయిందో.

"మనవడని రాస్తే మీరు తల్లి కాకుండా పోతారనేగా మీ భయం" అన్నాడు వాడు మెల్లగా. "రెండు గడులు పెడతాను. కన్నవాళ్ళు ఒకటి, పెంచినవాళ్ళు ఒకటి. లెక్క కన్నవాళ్ళ మీదుగా పైకి పోతుంది. పెంచినవాళ్ళ పేరు పేజీలో ఉంటుంది, ఎవరు తెరిచినా కనిపిస్తుంది. ఓస్మోన్ తెరిచినా, రేపు కుబాత్ మనవడు తెరిచినా."

"నా పేరా? ఆ తాతల వరసలో ఆడదాని పేరెక్కడుంది?"

"నా యంత్రమేగా."

ముసలావిడ మూతి ఒక పక్కకి వంగింది. అది నవ్వో కాదో తేల్చుకోవడం కష్టం.

ఎర్మెక్ పనిలోకి దిగాడు. రెండున్నర గంటలు పట్టింది. ఆవిడ కుర్చీ జరుపుకుని పక్కనే కూర్చుంది. పోస్టాఫీసులో కొత్త గుమాస్తా పని చూసినట్టు ప్రతి గీతనీ చూసింది. "పెంచినవాళ్ళ గడి కిందెందుకు పెట్టావు? పైన పెట్టు" అంది. పైన పెట్టాడు. "అక్షరాలు పెద్దవి చెయ్యి. ముసలాళ్ళు చూసేది అదే." చేశాడు. "ఈ రంగు శవం ముఖంలా ఉంది." మార్చాడు. నాలుగేళ్ళలో వాడి పనిని పక్కన కూర్చుని తప్పుపట్టిన మొదటి మనిషి ఆవిడే. వాడికి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది, జ్వరం విడిచినట్టు.

చివరికి కుబాత్ పేజీ తయారైంది. పెంచినవారు: సైరాకన్, జోల్దోష్. కన్నతండ్రి: మిర్లాన్. అక్కణ్ణుంచి జోల్దోష్, ఇంకా పైకి. మెట్టు మెట్టూ సర్దుకుని కాల్దిబాయ్ పెద్దాయన ఎనిమిదో చోటికి ఎక్కి కూర్చున్నాడు. ఎరుపు పోయింది. పచ్చ.

సైరాకన్ తన పేరు వంక చూస్తూ ఉండిపోయింది. వేలితో తెర తుడిచింది, దుమ్ము లేకపోయినా.

"నొక్కమంటారా, అపా? నొక్కితే కుబాత్‌కీ, పిల్లకీ, పిల్ల తండ్రికీ ఒకేసారి కబురు వెళ్తుంది."

"నసీప్‌తో నేను మాట్లాడుకుంటాను. రుమాలు ఇద్దరం చెరో కొసా పట్టుకుని కడతాం. నొక్కు."

వేలు ఒక క్షణం ఆగింది. పేజీ కుబాత్‌ది. రాసిన చెయ్యి కుబాత్‌ది. మార్చాలంటే కుబాత్‌ని అడగాలని రూలు పెట్టింది ఎర్మెక్కే.

"కుబాత్‌ని ఓ మాట అడిగితే..."

"నా మాట వాడు జవదాటడు. పొద్దుట్నుంచీ కింద కార్లో కూర్చుని ఉన్నాడు, సిగ్గుపడి పైకి రానన్నాడు. నువ్వే వెళ్ళి తీసుకురా. శుభవార్త నీ నోటితోనే చెప్పు. చాయ్ తాగుదాం ముగ్గురం."

ముగ్గురం. ఆ మాటే కొంప ముంచింది. ఎర్మెక్ ఇన్నేళ్ళలో వేలమందికి మంచి కబుర్లు పంపాడు. ఒక్కరి ముఖం చూడలేదు. ముందు దిగి అడిగి తర్వాత నొక్కితే పోయేది ఏమీ లేదు. కానీ అడగడానికి వెళ్ళే మనిషి వేరు, శుభవార్త పట్టుకెళ్ళే మనిషి వేరు. ఒక్కసారైనా ఆ రెండోవాడు కావాలని వాడి ప్రాణం పీకింది.

నొక్కేశాడు.

కోటు కూడా తొడుక్కోకుండా మెట్లు దిగాడు. కింద బూట్లాయన తల ఎత్తి చూస్తే, మొదటిసారి "బాగున్నారా" అన్నాడు. ఆయన నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నాడు, తలూపాడు. బయట గాలి చెంపల మీద కొట్టింది. రోడ్డు పక్కన బురద నిండిన పాత తెల్ల కారు. లోపల పల్చటి మనిషి, ఇంజను ఆపుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్మెక్ అద్దం మీద తట్టాడు. అద్దం సగం దిగింది.

"కుబాత్, నేను ఎర్మెక్‌ని. యాప్ నాదే. అంతా సరైపోయింది. మీ నాన్న, అదే, మిర్లాన్ బైకే పేరు చేర్చాం. కాల్దిబాయ్ ఎనిమిదోవాడే. పచ్చ వచ్చింది. రా, మీ అమ్మ చాయ్‌కి పిలుస్తోంది."

కుబాత్ ముఖంలో ఏ వెలుగూ రాలేదు.

"ఎవరు చేర్చమన్నారు?"

"మీ అమ్మే. నువ్వు తెలియక తాత పేరు రాశావు. తప్పేం లేదు, నేనూ అలాగే..."

"తెలియక రాయలేదు బైకే." గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "మొదట మిర్లాన్ అనే రాశాను. పచ్చే వచ్చింది. నేను చూశాను. చూసి, ఆ పేరు చెరిపేసి, అప్పుడు మా ముసలాయన పేరు రాశాను. ఎరుపొచ్చేదాకా ఆగి, అప్పుడు వాళ్ళకి పంపాను."

గాలికి ఎర్మెక్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. పైన కిటికీలో సైరాకన్ నిలబడి, రెండు చేతులతో గిన్నె పట్టుకుని, ఇద్దర్నీ చూసుకుంటోంది. చెయ్యి ఊపింది. రమ్మని.

కుబాత్ ఒళ్ళో ఫోన్ మోగింది. వాడు చూసి బోర్లా తిప్పాడు. "ఈ కబురు ఎవరెవరికి వెళ్ళింది?"

"నీకు. ఓస్మోన్‌కి."

"బేగిమాయ్‌కి?"

"వెళ్ళింది."

కుబాత్ కారు తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు.

"ఈ పెళ్ళి తప్పించమని, ఆ పేరు చెరపమని నన్ను బతిమాలింది ఆ పిల్లే" అన్నాడు. "ఎక్కు బైకే. ఓస్మోన్ తన ఫోన్ చూసేలోపు మనం అత్‌బాషిలో ఉండాలి."